ఇల్లందు గుమ్మడి నర్సయ్య: ఐదుసార్లు గెలిచినా రికార్డుల్లో ఇండిపెండెంట్ అని ఎందుకుంటుంది?

మీరు అడిగింది కుదించి చెప్తాను, మిగతావాళ్లకీ అర్థమవుతుంది. ఇల్లందు మాజీ ఎమ్మెల్యే గుమ్మడి నర్సయ్య గారి మీద సినిమా తీస్తున్నారని విని ఆయన ఎన్నికల చరిత్ర వెతికారు. ఒకచోట ఇండిపెండెంట్ అని, ఇంకోచోట సీపీఐ ఎంఎల్ న్యూడెమోక్రసీ (ఒక నక్సలైట్ పార్టీ) అని కనపడింది. ఏది నిజం? ఐదుసార్లు గెలిచారంటే పాతికేళ్లు ఎమ్మెల్యేగా ఉన్నట్టేనా? సైకిల్ మీద తిరిగేంత నిజాయితీపరుడిని జనం ఎందుకు ఓడించారు? ఈ మూడే కదా. సినిమా ఎలా ఉంటుందో నాకు తెలీదు, ఎన్నికల సంగతి మాత్రం చెప్పగలను. పాత ఖమ్మం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా టీచర్‌గా పనిచేశాను. అంటే ఎన్నిక వచ్చిన ప్రతిసారీ నా పేరు డ్యూటీ లిస్టులో ఉండేది. ఇల్లందు అడవి బూత్‌లలో రాత్రుళ్లు దోమల మధ్య పడుకున్నవాడిని. నేను ఆ పార్టీ వాడిని కాను, ఏ పార్టీ వాడినీ కాను, ఆ మాట ముందే చెప్తున్నా.

ముందు లెక్క. ఆయన గెలిచినవి 1983, 1985, 1989, 1999, 2004. మధ్యలో 1994లో ఓడిపోయారు, 2009లో మళ్లీ ఓడిపోయారు, ఆ తర్వాత అసెంబ్లీకి వెళ్లలేదు. ఐదు టర్ములు కదా, ఐదైదులు పాతికని అందరూ గుణించేస్తారు. అక్కడే తప్పుతారు. 1983 జనవరిలో ఎన్నికైన అసెంబ్లీ రెండేళ్లు కూడా నిండకుండా పోయింది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ని దించి నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రి అవడం, నెల తిరిగేసరికి మళ్లీ ఎన్టీఆర్ రావడం, ఆ గొడవంతా మీరు వినే ఉంటారు. అది సద్దుమణిగాక ఆయనే సభ రద్దు చేయించి 1985 మార్చిలో ఎన్నికలకు వెళ్లారు. 1999లో వచ్చిన సభా ఐదేళ్లు నిండలేదు. 2003 అక్టోబర్‌లో అలిపిరిలో చంద్రబాబు మీద బాంబు దాడి జరిగింది, నెలన్నర తిరక్కుండానే సభ రద్దయింది, 2004 ఏప్రిల్‌లో పోలింగ్. ఇవన్నీ తీసేస్తే నర్సయ్య గారు ఎమ్మెల్యేగా ఉన్నది దగ్గర దగ్గర ఇరవై ఒక్క ఏళ్లు. తక్కువేం కాదు. కానీ ఏ నాయకుడి గురించైనా "ఇన్ని సార్లు" అన్నదాన్ని ఏళ్ల కింద మార్చేటప్పుడు సభ ఎప్పుడు రద్దయిందో చూడకుండా గుణించొద్దు. చాలా వ్యాసాల్లో ఇదే పొరపాటు.

ఇక ఇండిపెండెంట్ సంగతి. రెండూ నిజమే. చెప్పేవాళ్లు వేరు, అంతే.

ఎన్నికల సంఘం దృష్టిలో పార్టీ అంటే తన దగ్గర రిజిస్టర్ అయినదే. ఊళ్లో జెండా ఉంది, ఆఫీసు ఉంది, వేల మంది సభ్యులున్నారు అన్నవి దానికి లెక్కలోకి రావు. 1968 నాటి గుర్తుల ఉత్తర్వు ఉండనే ఉంది. దాని మీద 1989 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఏ సెక్షన్ అమల్లోకి వచ్చింది. రాజ్యాంగానికీ, సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకీ కట్టుబడి ఉంటామని పార్టీ నియమావళిలో రాసిస్తేనే రిజిస్ట్రేషన్. ఒకపక్క అడవిలో దళాలు నడుపుతూ, ఇంకోపక్క ఊళ్లో రైతు కూలీ సంఘం పెట్టి, ఎన్నికల్లో కూడా నిలబడే ఎంఎల్ పార్టీ అలాంటి కాగితం మీద సంతకం పెట్టి లైన్లో నిలబడుతుందని ఎవరూ అనుకోరు కదా. కాబట్టి వాళ్ల అభ్యర్థి నామినేషన్ ఇండిపెండెంట్‌గానే పడేది. రిటర్నింగ్ ఆఫీసర్ ఫారంలో అదే రాసుకునేవాడు, ఫలితాల పుస్తకంలోనూ అదే అచ్చయ్యేది. ఊళ్లో మాత్రం ఆయన్ని ఇండిపెండెంట్ అంటే నవ్వేవాళ్లు. "పార్టీ ఎమ్మెల్యే" అనేవాళ్లు, అక్కడ పార్టీ అంటే ఒకటే.

ఇంకో చిన్న తిరకాసుంది. 1983లో ఆయన "న్యూడెమోక్రసీ ఎమ్మెల్యే" అని రాయడం కూడా పొరపాటే, ఎందుకంటే అప్పటికి ఆ పేరే లేదు. అప్పుడది చంద్ర పుల్లారెడ్డి గ్రూపు, జనం నోట్లో సీపీ గ్రూపు. చంద్ర పుల్లారెడ్డి 1984లో పోయారు. ఆ సమయంలోనే పార్టీ చీలింది. న్యూడెమోక్రసీ అన్న పేరు ఎనభైల చివర్లో వచ్చింది. అంటే ఒకే మనిషి, ఒకే నియోజకవర్గం, వెనకున్న పార్టీ పేరు మాత్రం మారింది, రికార్డులో మాత్రం ఏ పేరూ లేదు. మీరు చూసిన చోట్ల తికమక ఉండడంలో వింతేం లేదు.

ఈ కాలం పిల్లలు ఇక్కడ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: నక్సలైట్లు ఎన్నికల్లో నిలబడతారా? కొందరు నిలబడతారు. 1980లో కొండపల్లి సీతారామయ్య పెట్టిన పీపుల్స్‌వార్ ఎన్నికలను బహిష్కరించమనేది. చంద్ర పుల్లారెడ్డి వైపు వాళ్లు చట్టసభను కూడా వాడుకోవాలనేవాళ్లు. బయటివాళ్లకి రెండూ ఒకటే, లోపల వీళ్లకీ వాళ్లకీ పడేది కాదు. మాలాంటి డ్యూటీ వాళ్లకి మాత్రం ఈ తేడా తెలిసుండాల్సిందే. ఏ ఊరి గోడ మీద "ఓటు వేయొద్దు" అని రాసుంది, ఏ ఊరి గోడ మీద "ఓటు వేయండి" అని రాసుంది అన్నదాన్ని బట్టి ఆ రాత్రి నిద్ర పడుతుందా లేదా అన్నది తేలేది. రెండూ ఎర్ర రంగే, అది వేరే సంగతి.

ఇల్లందుకి ఈ గాలి నర్సయ్య గారితో మొదలవలేదు. నియోజకవర్గాల పునర్విభజన అయ్యాక 1978లో జరిగిన ఎన్నికలో అదే పార్టీ మనిషి చాపల ఎర్రయ్య గెలిచారు, అదీ ఇండిపెండెంట్‌గానే. అప్పటికి సీటు ఎస్టీ రిజర్వుడు. ఆ తర్వాతి ఎన్నికకు పార్టీ టేకులగూడెం కోయ యువకుడిని నిలబెట్టింది. ఆయనే నర్సయ్య. కాబట్టి 1983లో ఆయన ఖాళీ నేలలో విత్తు నాటలేదు, దున్ని ఉన్న చేన్లోకి వచ్చారు. ఇది ఆయన్ని తక్కువ చేయడం కాదు. చాలామంది కథ ఆయన దగ్గర్నించే మొదలుపెడతారు కాబట్టి చెప్తున్నా.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించేది ఆయన గెలిచిన సంవత్సరాలు. ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. 1983లో రాష్ట్రమంతా ఎన్టీఆర్, పార్టీ పుట్టి తొమ్మిది నెలలు, రెండు వందలకు పైగా సీట్లు. ఇల్లందులో నర్సయ్య. 1985లో మళ్లీ ఎన్టీఆర్, 202 సీట్లు. ఇల్లందులో నర్సయ్య. 1989లో గాలి తిరిగింది, కాంగ్రెస్‌కి 181, టీడీపీకి 74, ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయారు. ఇల్లందులో నర్సయ్యే. 1999లో చంద్రబాబుకి 180. 2004లో వైఎస్‌కి 185, టీడీపీ 47కి పడిపోయింది. ఆ రెండుసార్లూ ఆయనే. రాష్ట్రం గాలి ఎటు వీచినా ఇక్కడ జెండా అటు ఊగలేదు. మామూలు ఇండిపెండెంట్ ఒకసారి గెలిస్తే అది టికెట్ దక్కక తిరగబడినవాడి గెలుపు అయ్యుంటుంది, లేదా కులం గెలుపు, డబ్బు గెలుపు. ఐదుసార్లు, మూడు రకాల గాలుల్లో గెలిచాడంటే వెనకాల వేరే ఏదో యంత్రం ఉన్నట్టే.

ఆ యంత్రం ఏమిటంటే తునికాకు (బీడీ ఆకు), పోడు (అడవి కొట్టి చేసే సాగు), కూలి. ఇల్లందు పట్టణాన్ని పాతవాళ్లు బొగ్గుట్ట అంటారు, సింగరేణి బొగ్గు చరిత్ర మొదలైందే ఆ చుట్టుపక్కల, 1871లో అక్కడ బొగ్గు బయటపడ్డాకే. కంపెనీకి ఆ పేరొచ్చింది కూడా పక్కనున్న సింగరేణి ఊరి నుంచే. పట్టణంలో గని కార్మికులు, యూనియన్లు. పట్టణం దాటి పది కిలోమీటర్లు పోతే కోయగూడేలు, లంబాడా తండాలు, అడవి. ఎండాకాలం తునికాకు కోత. యాభై ఆకులు ఒక కట్ట. కట్టకి ఎన్ని పైసలు అన్నదే ఆ ఇంటికి ఏడాది బట్టలు, అప్పు, పెళ్లి. పార్టీ రైతు కూలీ సంఘం వాళ్లు కాంట్రాక్టర్‌తో కూర్చుని పైసలు పెంచేవాళ్లు. పెంచకపోతే కల్లం దగ్గర ఆకు కదిలేది కాదు. పోడు కొట్టిన భూమి దగ్గరికి ఫారెస్టు గార్డు వస్తే సంఘం నలుగురిని వెంటేసుకుని వచ్చేది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే ఒకటి బై డెబ్బై చట్టం కాగితం మీద ఉన్నా, అలా పోయిన భూమి తగాదాల్లోనూ వాళ్లే. ఇలా ఏడాది పొడుగునా పనిచేసేవాడికి ఓటు అడగడం అనేది ఒక వారం పని. మిగతా పార్టీల వాళ్లకి అదే ఐదేళ్లకోసారి వచ్చే మొత్తం పని. తేడా అంతా అందులోనే ఉంది.

ఈ మాట చెప్పి ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. ఆ పార్టీకి అడవిలో తుపాకులు పట్టిన దళాలుండేవి, దళం మాటకి ఎదురు చెప్పడం ప్రతివాడి వల్లా అయ్యేది కాదు. ఓట్లన్నీ భయంతో పడ్డాయని ఎదుటి పార్టీలవాళ్లు అనేవాళ్లు. భయమే ఉంటే 1994లో ఎలా ఓడతాడయ్యా అని సంఘం వాళ్లు అనేవాళ్లు. నేను చూసినంతవరకు బూత్‌లో ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, కానీ బూత్‌కి వచ్చేలోపు ఊళ్లో ఏం జరిగిందో పోలింగ్ ఆఫీసర్‌కి ఎప్పుడూ తెలీదు. ఇద్దరి మాటలోనూ కొంత ఉంది.

గుర్తు గురించి ఒకటి చెప్పాలి. రిజిస్టర్ కాని పార్టీ అభ్యర్థికి సొంత గుర్తు ఉండదు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాక రిటర్నింగ్ ఆఫీసర్ ఖాళీ గుర్తుల్లోంచి ఒకటి ఇస్తాడు. ఈసారి ఇచ్చిందే పైసారి ఇస్తారన్న గ్యారంటీ లేదు. టీడీపీకి సైకిల్, కాంగ్రెస్‌కి చెయ్యి ఏళ్ల తరబడి గోడల మీద ఉంటాయి. వీళ్లు మాత్రం పోలింగ్‌కి రెండు మూడు వారాల ముందు గుర్తు తెచ్చుకుని, చదువు రాని ఓటర్లకి, రోడ్డు లేని గూడేల్లో, ఇంటింటికీ చూపించి రావాలి. 1989 నవంబర్‌లో లోక్‌సభ, అసెంబ్లీ కలిపి జరిగాయి, లోక్‌సభది తెల్ల బ్యాలెట్, అసెంబ్లీది గులాబి. నా బూత్‌కి ఒక ముసలావిడ వచ్చి, రెండు కాగితాలూ చేతిలో పట్టుకుని, "నర్సయ్యది ఏ రంగుదయ్యా" అని అందరి ముందూ గట్టిగా అడిగింది. మేం చెప్పకూడదు. ఏజెంట్లు నలుగురూ బిగుసుకుపోయి మా మొహాలు చూస్తున్నారు. నేను రూల్ ప్రకారం "అవ్వా, మేం చెప్పకూడదు, నీకు తెలిసిందానికే వెయ్యి" అన్నాను. ఆవిడ నా వైపు జాలిగా చూసి, "నాకు తెలుసులే, నీకు తెలుసో లేదో అని అడిగిన" అని అట్టపెట్టె వెనక్కి వెళ్లిపోయింది. ఆ కొద్ది వారాల్లో కొత్త గుర్తు అడవిలోకి ఎలా చేరేదో ఆ రోజు నాకు అర్థమైంది.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న, ఎందుకు ఓడారు. దీనికి చాలామంది దగ్గర ఒక రెడీమేడ్ జవాబుంది, ఒకప్పుడు నేనూ అదే చెప్పేవాడిని: ఎదుటివాళ్లు విడిపోతే గెలిచారు, కలిస్తే ఓడారు అని. 1994లో టీడీపీ, సీపీఐ, సీపీఎం కలిసి పోటీ చేశాయి. టీడీపీ ఒక్కదానికే 216, సీపీఐకి 19, సీపీఎంకి 15. ఇల్లందులో సీపీఐ తరఫున ఊకె అబ్బయ్య గెలిచారు. 2009లో మహాకూటమి, అంటే టీడీపీ, టీఆర్‌ఎస్, రెండు కమ్యూనిస్టు పార్టీలు. అదే అబ్బయ్య ఈసారి టీడీపీ నుంచి గెలిచారు. 1999లో టీడీపీ బీజేపీతో వెళ్లింది, కమ్యూనిస్టులు విడిగా నిలబడ్డారు, రాష్ట్రం మొత్తం మీద సీపీఐకి ఒక్క సీటూ రాలేదు, సీపీఎంకి రెండే. ఇల్లందులో నర్సయ్య మళ్లీ వచ్చారు. చూశారా, లెక్క ఎంత అందంగా కుదిరిందో.

అయితే కుదరదు. 1985లోనూ 1989లోనూ టీడీపీకీ కమ్యూనిస్టులకీ పొత్తు ఉంది. అయినా ఆయనే గెలిచారు. 2004లో కాంగ్రెస్, టీఆర్‌ఎస్, సీపీఐ, సీపీఎం అన్నీ ఒకవైపే ఉన్నాయి. అయినా ఆయనే గెలిచారు. అంటే పొత్తు అనేది ఒక కారణం, అదొక్కటే కాదు. నా అంచనా అడిగితే ఇలా చెప్తాను, ఒప్పుకోవడం మీ ఇష్టం: ఆయనకి కదలని ఓటు ఒకటి ఉండేది, అది గూడేలది. దానికి తోడు పట్టణంలోనూ బొగ్గు కాలనీల్లోనూ "మనిషి మంచోడు" అని వేసే ఓటు కొంత ఉండేది. మొదటిది ప్రతిసారీ పడేది. రెండోదే ఊగేది. 1994లో ఎన్టీఆర్ గాలి మామూలుది కాదు. రెండు రూపాయల బియ్యం, సంపూర్ణ మద్య నిషేధం అన్న మాట ఆడవాళ్లలో ఎంత పనిచేసిందో అప్పుడు బూత్‌లో క్యూ చూస్తేనే తెలిసేది. దానికి తోడు ఎదురుగా నిలబడ్డవాడు కాంగ్రెస్ కాంట్రాక్టర్ కాదు, ఎర్రజెండా పట్టిన కోయ మనిషే. "ఇటు కూడా మనోడే" అనుకోవడానికి వీలు దొరికింది. 

2009 ఓటమికి ఇంకో కారణం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆ ఎన్నిక కొత్త నియోజకవర్గాల హద్దులతో జరిగింది. గుండాల లాంటి అడవి మండలం ఇల్లందులోంచి తీసి పినపాకలో కలిపారు. ఇప్పుడు ఇల్లందు అంటే ఇల్లందు, టేకులపల్లి, కామేపల్లి, గార్ల, బయ్యారం. సింగరేణి మండలం, మనవాళ్లు కారేపల్లి అంటారు, అది వైరాలో ఉంది. నర్సయ్య గారి టేకులగూడెం ఆ మండలంలోదే. పార్టీకి గట్టి పట్టున్న గుండాల ఒకవైపు, సొంత ఊరు ఒకవైపు, ఆయన నిలబడ్డ సీటు ఇంకోవైపు. గుండాల ఓటు ఏంటో తెలిసినవాళ్లకి ఈ గీత ఎంత నష్టమో చెప్పక్కర్లేదు. పైగా ఆ ఎన్నికలో చిరంజీవి పార్టీ కూడా కొత్తగా వచ్చింది. మార్పు కోరుకునే పట్టణం ఓటుకి ఇంకో దుకాణం తెరిచినట్టయింది.

హద్దుల సంగతి వచ్చింది కాబట్టి పక్కకి పోయి ఒక్క మాట. 2016లో జిల్లాలు చీల్చాక ఇల్లందు నియోజకవర్గం మూడు జిల్లాల్లో పడింది. ఇల్లందు, టేకులపల్లి భద్రాద్రి కొత్తగూడెంలో, గార్ల, బయ్యారం మహబూబాబాద్‌లో, కామేపల్లి ఖమ్మంలో. ఎంపీ సీటేమో మహబూబాబాద్. ఒక్క ఎమ్మెల్యే ముగ్గురు కలెక్టర్ల మీటింగులకు తిరగాలి. ఖమ్మం జిల్లా లిస్టులో వెతికితే ఇల్లందు దొరకలేదని ఒకరు నన్నడిగారు, ఇదీ కారణం. పేరు కూడా తిప్పలే. ఇల్లందు, ఎల్లందు, ఇల్లెందు అని తెలుగులోనే మూడు రకాలుగా రాస్తారు, ఇంగ్లిష్‌లో వై తో మొదలవుతుంది. నర్సయ్య, నరసయ్య, నర్సింహయ్య అని కూడా పడుతుంది. వెతికేటప్పుడు అన్నీ వేసి చూడండి.

అసెంబ్లీలో ఆయన ఏం చేశారన్నది కూడా అడగాల్సిందే, గెలుపోటములే చరిత్ర కాదు. ఒక్కడే సభ్యుడున్న పార్టీకి, అదీ రికార్డులో లేని పార్టీకి, సభలో మైకు దొరకడమే కష్టం. పెద్ద పార్టీలు మాట్లాడాక, గంట మోగే వేళకి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో పోడు పట్టాలు, తునికాకు, గిరిజన హాస్టళ్లు, గని కార్మికుల సంగతి చెప్పేవాళ్లు. ప్రభుత్వాలు కూల్చే స్థాయి ఎమ్మెల్యే కాదు ఆయన, అలా కావాలనీ అనుకోలేదు. జీతం పార్టీకి ఇచ్చేసేవాళ్లు, పార్టీ ఇచ్చిన దాంతో బతికేవాళ్లు. బస్సులో తిరిగేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు. అవన్నీ నిజమే. దయచేసి ఒకటి చేయకండి: భద్రాచలం సున్నం రాజయ్య గారి కథలు తెచ్చి ఈయనకి అతికించకండి. ఆయన సీపీఎం, గెలిచింది 1999, 2004, 2014లో. ఆయన కూడా బస్సుల్లో తిరిగిన మనిషే, 2020లో పోయారు. వాట్సాప్‌లో ఇద్దరినీ కలిపి ఒకే మనిషిని చేసేశారు.

సైకిల్ గురించి నా అభిప్రాయం కొంచెం ఘాటుగా ఉంటుంది. సైకిల్ చూసి ఓటేశారని రాసేవాళ్లు ఆ ఊళ్లు చూడలేదు. అక్కడ సైకిల్ అందరికీ ఉంది, సైకిల్ తొక్కడం గొప్పేం కాదు. ఎమ్మెల్యే అయ్యాక కూడా మనిషి దొరికేవాడు, అదీ జనం చూసింది. మా స్కూల్లో ఒక పిల్లాడి హాస్టల్ సీటు కోసం వాళ్ల నాన్న ఎమ్మెల్యే దగ్గరికి వెళ్తున్నానని చెప్పి, సాయంత్రానికి ఉత్తరం తెచ్చాడు. ఎంత ఖర్చయిందిరా అంటే "బస్సు చార్జీ సార్" అన్నాడు. ఆ మాట విన్నాకే నాకు ఆయన ఓటు లెక్క తెలిసింది.

ఆయన తర్వాత ఆ సీటు ఏమైందో చూస్తే ఆయన కాలం ఇంకా బాగా తెలుస్తుంది. 2014లో కాంగ్రెస్ నుంచి కోరం కనకయ్య గెలిచి టీఆర్‌ఎస్‌లో చేరారు. 2018లో ఆయన టీఆర్‌ఎస్ నుంచి నిలబడితే కాంగ్రెస్ నుంచి బానోత్ హరిప్రియ గెలిచారు, 2019లో ఆవిడా టీఆర్‌ఎస్‌లోకి వెళ్లారు. కాంగ్రెస్ శాసనసభాపక్షం విలీనం అంటూ పన్నెండు మంది వెళ్లారు కదా, అందులో. 2023లో కనకయ్య తిరిగి కాంగ్రెస్‌కి వచ్చి, బీఆర్‌ఎస్ నుంచి నిలబడ్డ హరిప్రియని యాభై వేలకు పైగా ఓట్లతో ఓడించారు. అవే రెండు మొహాలు, కండువాలు తారుమారు. ఇంకో తమాషా చూడండి, 1985 నాటి ఫిరాయింపుల చట్టం ప్రకారం ఇండిపెండెంట్‌గా గెలిచినవాడు తర్వాత ఏ పార్టీలో చేరినా సభ్యత్వం పోవాలి. పార్టీ మీద గెలిచినవాళ్లకి విలీనం అనే సందు ఉంది, ఇండిపెండెంట్‌కి అదీ లేదు. రికార్డులో పార్టీ లేని నర్సయ్య గారు పార్టీ మారలేదు. రికార్డులో పార్టీ ఉన్నవాళ్లు మారారు.

మీరు ఇంకా లోతుగా చూడాలంటే ఎక్కడ చూడాలో చెప్తాను. ప్రతి ఎన్నికకూ ఎన్నికల సంఘం గణాంక నివేదిక వేస్తుంది, అందులో నియోజకవర్గం వారీగా ప్రతి అభ్యర్థికీ పడిన ఓట్లుంటాయి. 1983 నుంచి వరసగా ఇల్లందు పేజీ తీసి ఒక కాగితం మీద రాసుకోండి, గెలిచినవాడి ఓట్లు కాదు, రెండు, మూడు, నాలుగు స్థానాల వాళ్ల ఓట్లు రాయండి. ఆస్తులు, కేసుల అఫిడవిట్ మాత్రం 2004కి ముందు వెతక్కండి. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2003 నుంచే అది తప్పనిసరి అయింది, కాబట్టి ఆయన మొదటి నాలుగు గెలుపులకి అఫిడవిట్లు ఉండవు. "1983లో ఆయన ఆస్తి ఇంత" అని ఎవరైనా రాస్తే అది వాళ్ల ఊహే. బూత్ వారీ లెక్క కావాలంటే ఫారం 20 అడగండి. 2004లో అంతా ఈవీఎంలే కాబట్టి ఏ బూత్‌లో ఎవరికెన్నో విడివిడిగా ఉంటుంది. బ్యాలెట్ కాలంలో చాలాచోట్ల పెట్టెలన్నీ కలిపి, కలగలిపి లెక్కపెట్టేవాళ్లు, ఏ ఊరు ఎటు వేసిందో తెలియకూడదని. అందుకే 1989లో ఫలానా గూడెం మొత్తం నర్సయ్యకే వేసిందని ఎవరైనా అంకెలతో చెప్తే ఊరికే నమ్మకండి, ఆ అంకె ఎక్కడిదో అడగండి. ఊళ్లో ఎవరు ఎటు అన్నది ఊరికే తెలుసు.

ఒకటి చేసి చూడండి, మీరు కుర్రవాళ్లు, ఓపిక ఉంటుంది. 2004 ఫారం 20లో గుండాల మండలం బూత్‌లు ఒకవైపు, ఇల్లందు టౌన్ బూత్‌లు ఒకవైపు కూడండి. తర్వాత 2009లో ఇల్లందు సీటుకి పడిన ఓట్లు పక్కన పెట్టండి, అందులో గుండాల ఓట్లు ఉండవు, అవి పినపాకకి పోయాయి. నేను ఓటమికి హద్దులే ముఖ్యం అంటున్నాను, మా పాత హెడ్మాస్టర్ గారు ఇప్పటికీ కాదు చిరంజీవి అంటారు. పదిహేనేళ్లుగా టీ దగ్గర తెగని వాదన ఇది. లెక్క వేశాక ఇక్కడే పెట్టండి, ఆయనకి నేను చదివి వినిపిస్తాను.